గడువున్న తీరం, గొంతున్న తీరం

మలేషియాలో పెరాక్ నది సముద్రంలో కలిసే చోటికి ఉత్తరాన, లెకిర్ దగ్గర, సముద్రాన్ని పూడ్చి చేసిన నేల మీద ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. దాని అధికారిక పేరు సుల్తాన్ అజ్లాన్ షా విద్యుత్ కేంద్రం. మా తెలుక్ ఇంటాన్ వైపు అందరికీ అది మంజుంగ్ ప్లాంటే. మొదట 700 మెగావాట్ల యూనిట్లు మూడు వచ్చాయి. 2015లో నాలుగోది, 2017లో అయిదోది చేరాక మొత్తం సామర్థ్యం 4,100 మెగావాట్లకు చేరింది. పెద్ద ఓడలు లెకిర్ జెట్టీకి వచ్చి ఆగుతాయి. కన్వేయర్ బెల్టు మీద బొగ్గు ఒడ్డుకు చేరుతుంది. అక్కడ పొడయ్యి, మండి, ఆవిరై, చివరికి మా ఇళ్లలో ఫ్యాను తిప్పుతుంది.

బంగాళాఖాతం అవతల ఇంకో తీరం ఉంది. అది సోంపేట, కాకరాపల్లి, పరవాడ వరుసగా ఉన్న ఉత్తరాంధ్ర తీరం. దిగువ పెరాక్‌లో, ముఖ్యంగా బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి కూలి జట్లలో ఓడెక్కి వచ్చినవాళ్లే. అందుకే బొగ్గు నుంచి పునరుత్పాదక ఇంధనానికి దేశం మొత్తం మళ్లాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ రెండు తీరాలనూ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. మళ్లాలన్నదే నా వాదన, అందులో నాకు సందేహం లేదు. అయితే ఈ రెండు చోట్లా ఆ వాదన ఒకే రకంగా నిలబడదు. మలేషియాకు బొగ్గు మానేసే గడువు ఉంది, ఆ గడువును నిర్ణయించిన చర్చలో తీరం జనం గొంతు మాత్రం వినిపించలేదు. తెలుగు నేల మీద జనం గొంతు తుపాకీ గుళ్లకు ఎదురుగా కూడా వినిపించింది, అక్కడ గడువు లేదు.

నది ముందు, బొగ్గు తర్వాత

బొగ్గు లేకపోతే కరెంటు ఎక్కడిది అని అడిగేవాళ్లకు పెరాక్ చరిత్రే జవాబు చెబుతుంది. పెరాక్ నది మీద చెండెరోలో జలవిద్యుత్ కేంద్రం 1930లో మొదలైంది. కింతా లోయలో తగరం తవ్వే డ్రెడ్జర్లు ఆ నది కరెంటుతో నడిచాయి. అంటే ఈ రాష్ట్రంలో పరిశ్రమ పెద్దదవుతున్న రోజుల్లోనే నీటి విద్యుత్తు పక్కన ఉంది. మలేషియా ద్వీపకల్పం బొగ్గు మీద ఇంతగా ఆధారపడింది చాలా తర్వాత. 1970ల చమురు సంక్షోభాలు చూశాక, ఒక్క చమురునే నమ్ముకోకూడదని 1981లో ప్రభుత్వం చమురు, నీరు, గ్యాస్, బొగ్గు అనే నాలుగు ఇంధనాల విధానం తెచ్చింది. కపార్, మంజుంగ్, తంజుంగ్ బిన్, జిమా కేంద్రాలు ఆ తర్వాత వచ్చినవే. ఈమధ్య సంవత్సరాల్లో ద్వీపకల్పపు కరెంటులో సగానికి పైగా బొగ్గు నుంచే వచ్చింది. ఒక్క ఇంధనం మీదే ఆధారపడకూడదని మొదలుపెట్టిన విధానం చివరికి బొగ్గు అనే ఇంకో ఒక్క ఇంధనం మీద ఆధారపడేలా చేసింది. ఇది ఒక తరం తీసుకున్న నిర్ణయం. దాన్ని మార్చుకునే హక్కు మరో తరానికి ఉంది.

తెలుగు నేలలో వరుస వేరు. అక్కడ బొగ్గు పాతది, సొంతది. ఇల్లందులో 1889లోనే తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా పేరు స్థిరపడింది. ఇప్పుడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. కొత్తగూడెం, మంచిర్యాల, రామగుండం ఊళ్లకు సింగరేణి జీతం నెలనెలా వచ్చే ఊపిరి. మరోపక్క ఆంధ్ర ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ 1955లోనే వచ్చింది. అంటే అక్కడ నీరు, బొగ్గు జతగా పెరిగాయి. పెరాక్‌లో బొగ్గు బయటినుంచి వచ్చి నదిని పక్కకు నెట్టింది.

ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడ బొగ్గు మానేస్తే దేశం ఒక దిగుమతి సరుకును కొనడం మానేస్తుంది. అక్కడ బొగ్గు మానేస్తే లక్షలమంది బతుకుతెరువు కదులుతుంది. రెండు చోట్లా ఒకే నినాదం ఇచ్చి ఊరుకోలేం.

బిల్లు చెప్పే సంగతి

బొగ్గు చవక అన్న మాటకు 2022 పెట్టిన పరీక్షను రెండు తీరాలూ ఎదుర్కొన్నాయి. ఆ ఏడాది జనవరిలో ఇండోనేషియా తన సొంత విద్యుత్ కేంద్రాల్లో నిల్వలు తగ్గాయని బొగ్గు ఎగుమతుల్ని నిలిపేసింది. ద్వీపకల్పంలోని ప్లాంట్లకు దాదాపు మొత్తం దిగుమతి బొగ్గే కావాలి, అందులో సగానికి పైగా ఇండోనేషియాదే. మన స్విచ్చు మీద వేలు మనదే అయినా మీట మరొకరి చేతిలో ఉందని ఆ ఒక్క నెల చూపించింది. ఆపైన ఉక్రెయిన్ యుద్ధంతో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను ధర 400 డాలర్లు దాటింది.

ఆ భారం ఎవరు మోశారు? మలేషియా కరెంటు బిల్లులో ఐసీపీటీ అనే వరుస ఉండేది. ఇంధనం ఖర్చు అంచనా కన్నా పెరిగితే సర్‌చార్జి, తగ్గితే రాయితీ, అదీ దాని పని. ఇళ్లకు పెద్దగా తగలలేదు. యూనిట్‌కు 2 సెన్ల రాయితీ కనిపించి, అంతా బాగానే ఉందనిపించింది. అసలు లెక్క బిల్లులో లేదు, ఖజానాలో ఉంది. 2023 మొదటి ఆరు నెలలకే కరెంటు సబ్సిడీకి ప్రభుత్వం 1,076 కోట్ల రింగిట్లు కేటాయించింది. మధ్య, అధిక వోల్టేజి పరిశ్రమల మీద యూనిట్‌కు 20 సెన్ల సర్‌చార్జి పడింది. ఆ సబ్సిడీ బడికీ ఆసుపత్రికీ పోవాల్సిన డబ్బు. 2025 జులై నుంచి ఐసీపీటీ స్థానంలో నెలనెలా మారే ఇంధన సర్దుబాటు వచ్చింది. నెలకు 600 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు మినహాయింపు ఉంది. అంతకు మించితే ప్రపంచ మార్కెట్ కదలిక నేరుగా ఇంటి బిల్లులోకి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ బిల్లులో ఇదే సంగతి ఇంకో పేరుతో ఉంది. ట్రూ అప్ ఛార్జీలన్నా, ఇంధన సర్దుబాటు ఛార్జీలన్నా అదే. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వసూలు చేసుకునే వీలు పంపిణీ సంస్థలకు వచ్చింది. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. అదే ఏడాది దేశీయ బొగ్గులో విదేశీ బొగ్గు కలిపి కాల్చమని కేంద్రం విద్యుత్ కేంద్రాలకు చెప్పింది. సొంత గనులున్న దేశం కూడా దిగుమతి ధరల నుంచి తప్పించుకోలేకపోయింది.

రెండు బిల్లులూ పక్కన పెట్టి చదివితే ఒకటే తేలుతుంది. బొగ్గు ప్లాంటు కట్టినరోజు దాని ఖర్చు తీరిపోదు, అది నడిచినన్నాళ్లూ ఇంధనం కొనాలి. సోలార్ ప్యానెల్‌కు పెట్టుబడి మొదట్లో ఎక్కువ, ఆ తర్వాత పాతికేళ్లు ఎండకు బిల్లు రాదు. మలేషియా విషయంలో ఈ వాదనే అన్నిటికన్నా గట్టిది. మన ప్రకటనల్లో వాతావరణం ముందు వరుసలో నిలబడి, ఈ మాట వెనక నిలబడుతోంది. దీన్ని ముందుకు తేవాలి.

బీల నేల, బూడిద చెరువు

డబ్బు లెక్కలో మలేషియా వాదన గట్టిదైతే, నేల లెక్కలో ఉత్తరాంధ్ర వాదన దాన్ని మించిపోతుంది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల ఉంది. వాన నీరు అక్కడ నిలిచి చుట్టుపక్కల ఊళ్ల పొలాలకు తడి ఇస్తుంది. జాలర్లకు చేప, పశువులకు మేత అక్కడే. ఆ నేలలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కట్టబోతే జనం అడ్డుపడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదేరోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేలే అని పొద్దున్న ఊళ్లో చెప్పిన జనం మాటకు సాయంత్రం చట్టం ఒప్పుకున్నట్టయింది, మధ్యలో ప్రాణాలు పోయాయి. ఏడు నెలలకు, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర (చిత్తడి) భూముల్లో మరో 2,640 మెగావాట్ల ప్లాంటు గొడవలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. సోంపేటలో ప్లాంటు లేవలేదు. బీల నేల బీల నేలగానే ఉంది.

పరవాడ దగ్గర సింహాద్రి ప్లాంటు మాత్రం లేచింది. 2002 నుంచి నడుస్తున్న ఎన్‌టీపీసీ కేంద్రం అది, ఇప్పుడు 2,000 మెగావాట్లది. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు రైళ్లలో వస్తుంది. భారతీయ బొగ్గులో బూడిద ఎక్కువ, చాలాచోట్ల మూడో వంతుకు పైగా బూడిదే మిగులుతుంది. ఆ బూడిదను నీళ్లలో కలిపి ప్లాంటు పక్క చెరువుల్లో నిలవ చేస్తారు. ఎండాకాలం గాలి లేస్తే అది ఎక్కడికి పోతుందో ఆ ఊళ్ల గుమ్మాలకు తెలుసు.

లెకిర్‌లో ఇంత బూడిద కనిపించదు. ఇండోనేషియా బొగ్గులో బూడిద శాతం చాలా తక్కువ. ప్లాంటు కింద పంట నేల లేదు, పూడ్చిన సముద్రం ఉంది. యంత్రాలూ కొత్తవి, నాలుగో యూనిట్ ఆగ్నేయాసియాలో మొట్టమొదటి 1,000 మెగావాట్ల అల్ట్రా సూపర్‌క్రిటికల్ యూనిట్. ఇవన్నీ నిజమే, ఒప్పుకోవాలి. అయితే ఇండోనేషియా బొగ్గు తవ్విన చోట, కాలిమంతాన్ అడవుల్లో, ఒక బీల నేలలాంటిదే పోతుంది. ఆ నష్టం మనకు కనిపించని తీరానికి వెళ్లిపోయింది. సోంపేట మనిషికి తన నష్టం కళ్లముందు ఉంది కాబట్టి రోడ్డెక్కాడు. మా ప్రాంతంలో నష్టం ఓడలకు అవతల ఉంది కాబట్టి ఎవరూ అంత గట్టిగా అడగలేదు. అంతమాత్రాన మన బొగ్గు వాళ్ల బొగ్గు కన్నా నిర్దోషి అయిపోదు.

లక్ష్యాల్ని ఎలా చదవాలి

ఇప్పుడు ప్రభుత్వాల మాట. కొత్త బొగ్గు కేంద్రాలు కట్టబోమని మలేషియా 2021లో ప్రకటించింది. 2023 జులై, ఆగస్టుల్లో రెండు భాగాలుగా వచ్చిన జాతీయ ఇంధన పరివర్తన ప్రణాళిక 2050 నాటికి స్థాపిత సామర్థ్యంలో 70 శాతం పునరుత్పాదకం కావాలంది. బొగ్గు కేంద్రాల్ని 2035కి సగానికి తగ్గించి, 2044కి పూర్తిగా మూసేయాలన్నది ప్రకటించిన గడువు. భారతదేశం 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గును తగ్గిస్తామంది, మానేస్తామనలేదు. 2070కి నికర సున్నా అంది. 2030కి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం లక్ష్యంగా పెట్టుకుంది. 2025 నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరమే అయింది.

70 శాతం, 500 గిగావాట్లు అన్న ఈ రెండు లక్ష్యాలనూ ఒకే కళ్లద్దాలతో చదవాలి. రెండూ చెప్పేది స్థాపిత సామర్థ్యం గురించి. బల్బు వెలిగేది సామర్థ్యంతో కాదు, ఉత్పత్తితో. మలేషియా మేఘాల కింద 100 మెగావాట్ల సోలార్ ఏడాది పొడుగునా ఇచ్చే కరెంటు, రాత్రింబవళ్లు నడిచే ఓ ఇరవై మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఇచ్చేదానికి అటూఇటూగా ఉంటుంది. అందుకే భారతదేశంలో సామర్థ్యంలో సగం శుభ్రమైనా, వాడే కరెంటులో ఇంకా దాదాపు ముప్పావు వంతు బొగ్గుదే. 70 శాతం అన్న మాట విని మనమూ చప్పట్లు కొట్టి కూర్చోకూడదు. ఎన్ని యూనిట్లు బొగ్గు లేకుండా వచ్చాయన్నదే ప్రతి ఏటా అడగాల్సిన ప్రశ్న.

గడువు ఉండటం లేకపోవడం వల్ల తేడా ఎంత ఉంటుందో తెలంగాణలో కనిపిస్తుంది. నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం 4,000 మెగావాట్లది, దాదాపు మంజుంగ్ అంత. గనులకు దూరంగా కృష్ణా ఒడ్డున కట్టారు. 2022లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని నిలిపేసి మళ్లీ అధ్యయనం చేయమంది. పని సాగింది, యూనిట్లు ఒక్కొక్కటిగా నడుస్తున్నాయి. మలేషియా తన చివరి పెద్ద బొగ్గు కేంద్రం జిమా ఈస్ట్‌ను 2019లో ముగించి తలుపు మూసింది. యాదాద్రిలా ఇప్పుడు మొదలైన ప్లాంటు పెట్టుబడి తిరిగి రావాలంటే పాతికేళ్లకు పైగా కాలుతూనే ఉండాలి. ఈ లెక్కలో మలేషియాది స్పష్టంగా పైచేయి.

రెండు దేశాలూ ఒకే తప్పు చేస్తున్న చోటు కూడా ఉంది. అది బొగ్గులో మరొకటి కలిపి కాల్చడం. మలేషియా ప్రణాళికలో తంజుంగ్ బిన్‌లో బయోమాస్ కలిపే పథకం ఉంది. భారతదేశం థర్మల్ ప్లాంట్లలో పంట వ్యర్థాల గుళికలు కలపాలని 2021లో చెప్పింది. వ్యర్థాలకు ధర రావడం మంచిదే. అయితే ఆ పేరుతో బాయిలర్ ఆయుష్షు పెంచితే మళ్లింపు వాయిదా పడుతుంది. తెలుక్ ఇంటాన్ పక్కనే జెండరాటాలో ఆయిల్ పామ్ మిల్లు వ్యర్థజలం నుంచి బయోగ్యాస్ పడుతున్నారు. మీథేన్ గాలిలోకి పోకుండా అక్కడికక్కడే శక్తి అవుతుంది. వ్యర్థాన్ని వాడే సరైన దారి ఇది. దానికి బొగ్గు తోడు అక్కర్లేదు.

మేఘాలూ మనుషులూ

పునరుత్పాదకానికి రెండు నిజమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది వాతావరణం. మాకు గాలి బలహీనం, మేఘం ఎక్కువ. అయినా ద్వీపకల్పంలో ఏసీలు గట్టిగా నడిచేది పగటిపూటే. ఎండకూ గిరాకీకీ చాలావరకు పొత్తు కుదురుతుంది. రాత్రికి నది ఉంది. విద్యుత్ సంస్థ టీఎన్‌బీ జలాశయాల మీద 2,500 మెగావాట్ల తేలే సోలార్ పెట్టాలన్న ఆలోచన జాతీయ ప్రణాళికలోనే ఉంది. పగలు ప్యానెళ్లు పనిచేస్తుంటే నీళ్లు ఆగి, సాయంత్రం టర్బైన్ తిరుగుతుంది. ఇది పనిచేస్తుందా అన్నవాళ్లకు తెలుగు నేల చూపించవచ్చు. సింహాద్రి జలాశయం మీద 2021లో 25 మెగావాట్లు తేలాయి. రామగుండంలో 2022 నాటికి 500 ఎకరాల నీటి మీద 100 మెగావాట్లు, 40 బ్లాకులుగా, తేలుతున్నాయి. ప్యానెళ్ల నీడలో ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని అంచనా. బొగ్గు ప్లాంటు కోసం తవ్విన చెరువే బొగ్గు తర్వాతి కాలానికి పునాది అవుతోంది. అటు ఆంధ్రలో వ్యవసాయ పంపులకు పగటిపూట తొమ్మిది గంటలు కరెంటిస్తున్నారు, అది ఎండతో సరిగ్గా సరిపోయే గిరాకీ.

రెండో అభ్యంతరం మనుషులు. ఇందులో పునరుత్పాదకం కూడా తన చేతులు చూసుకోవాలి. 1970లలో తెమెంగోర్ డ్యామ్ కడితే తెమియార్, జహాయ్ అనే ఒరాంగ్ అస్లీ (ఆదివాసీ) ఊళ్లు బనున్‌కు తరలాయి. మాచ్‌ఖండ్ నీళ్ల కింద ఆదివాసీ ఊళ్లు పోయాయి. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులకు తమ గ్రామసభల్ని అడగలేదని ఆదివాసీలు ఆందోళన చేస్తున్నారు. శుభ్రమైన కరెంటన్న పేరు పెట్టుకున్నంత మాత్రాన సోంపేటలో బొగ్గు చేసిన పని చేసే హక్కు ఎవరికీ రాదు.

పనివాళ్ల సంగతి తెలుక్ ఇంటాన్ తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. రబ్బరు, కొబ్బరి తోటలు ఆయిల్ పామ్‌కు మారినప్పుడు, ఎస్టేట్లు చేతులు మారినప్పుడు పని పోయింది. లైను ఇళ్లు ఎస్టేటువే కాబట్టి పనితో పాటు ఇల్లూ పోయింది. పట్నం చేరినవాళ్ల చేతిలో మరో పని లేదు. ఒక పంట మారితే ఇంత నష్టం జరిగింది ఎందుకంటే మార్పుకు పథకం ఉంది, మనుషులకు పథకం లేదు. సింగరేణిలో దాదాపు 40 వేలమంది శాశ్వత ఉద్యోగులున్నారు, కాంట్రాక్టు పనివాళ్లు, వాళ్లమీద ఆధారపడిన దుకాణాలు, బడులు వేరు. సింగరేణి సంస్థే సోలార్ ప్లాంట్లు కడుతోంది, అది మంచి మొదలు. అయితే సోలార్ ప్లాంటు నడపడానికి గని అంతమంది అక్కర్లేదు. గని మూసే తేదీ కన్నా పదేళ్ల ముందు పిల్లల చదువు, ఊరి ఆదాయం, మూసిన గనుల నేల బాగుచేసే పని తేలాలి. మా ఎస్టేట్ల కథ అక్కడ మళ్లీ జరగకూడదు.

ఏ తీరం ఏది నేర్చుకోవాలి

మలేషియా వైపు ఉన్న బలం నిశ్చయం. కొత్త ప్లాంటు వద్దంది, తేదీ చెప్పింది, ఇంటి పైకప్పు సోలార్‌కు గరిష్ఠంగా 4,000 రింగిట్ల రాయితీ ఇచ్చింది. బలహీనత ఏమిటంటే, ఈ మార్పు పాలనా కేంద్రం పుత్రజయ నుంచి కిందికి వస్తోంది. ఫ్లాట్లలో, తక్కువ ఖర్చు ఇళ్లలో ఉండేవాళ్లకు సొంత పైకప్పు ఉండదు, రాయితీ వాళ్ల దాకా చేరదు. తెలుగు నేల వైపు ఉన్న బలం అక్కడి ప్రజలు. బీల నేలను వాళ్లు కాపాడుకున్నారు. ఇంటి సోలార్‌కు పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది, ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కే నిలబడింది. బలహీనత, ఒక చేత్తో సోలార్ కడుతూ మరో చేత్తో యాదాద్రి కట్టడం.

కాబట్టి తీర్పు ఒకవైపు మొగ్గదు. నిర్ణయంలో మలేషియా ముందుంది, ప్రజల హక్కులో ఉత్తరాంధ్ర ముందుంది. ఈ దేశ పౌరులుగా మనం అడగాల్సినవి మూడున్నాయి. 2044 గడువు చట్టంలోకి ఎక్కాలి, ప్రభుత్వం మారినా కదలకూడదు. ప్రతి ఏటా బొగ్గు యూనిట్లు ఎన్ని తగ్గాయో బిల్లులోనే అచ్చు వేయాలి. సొంత పైకప్పు లేనివాళ్లకు ఊరుమ్మడి సోలార్‌లో వాటా ఉండాలి. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలకు చెప్పాల్సినవి రెండు. యాదాద్రి తర్వాత మరో థర్మల్ ప్లాంటుకు కొబ్బరికాయ కొట్టకండి. సింగరేణి కార్మికుడిని, గ్రామసభను పక్కన కూర్చోబెట్టుకుని ఆఖరి తేదీ రాయండి. గడువు లేని పోరాటం అలిసిపోతుంది, ప్రజలు లేని గడువు జారిపోతుంది. ఈ రెండూ ఒకే దేశంలో కలిసినప్పుడే బొగ్గు నుంచి మళ్లడం జరుగుతుంది, జరిగి నిలబడుతుంది.